కోల్స్ కార్నర్ దగ్గర కలుద్దాం

ఇంగ్లిష్ గాయకుడు రిచర్డ్ హాలీ ‘కోల్స్ కార్నర్’ పాట తీగవాద్యాలతో మొదలవుతుంది. పాత హాలీవుడ్ ప్రేమకథల్లో తెర మీద పేర్లు పడేటప్పుడు వినిపించే విశాలమైన, తడిసిన వయొలిన్ల వరస అది. ఆ వరస కాస్త తగ్గాక మంద్రస్థాయిలో ఒక మగగొంతు వస్తుంది. ఆ గొంతుకు తొందర లేదు, ఎవరినీ ఒప్పించాలన్న ఆత్రం లేదు. ఒక మనిషి సాయంత్రం ఊరి నడిబొడ్డుకు బయల్దేరాడు. అక్కడ దీపాలున్నాయి, జనం ఉన్నారు. అతని కోసం ఎదురుచూసేవాళ్లే లేరు. పాటలో ఇంతకు మించి ఏమీ జరగదు. అయినా పాట ముగిసేసరికి వినేవాడి గుండె నిండుతుంది. ఒంటరితనాన్ని పాడుతున్న పాట వింటుంటే పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టు ఎందుకుంటుంది? ఈ ప్రశ్నకు జవాబు కోసం నేను పాటను ఎంతగా విన్నానో, ఆ పాట పుట్టిన ఇంగ్లండ్ నగరం షెఫీల్డ్‌లో అంతగా తిరిగాను. చదువుకునే రోజుల్లో నన్ను చేరదీసిన ఊరు కాబట్టి అక్కడికి వెళ్లడాన్ని ప్రయాణం అనబుద్ధి కాదు. ఇంటికి వెళ్లొచ్చాననే అంటాను.

కోల్స్ కార్నర్ ఒక వీధి మలుపు. ఫార్గేట్, చర్చ్ స్ట్రీట్ కలిసే చోట ఒకప్పుడు కోల్ బ్రదర్స్ వారి పెద్ద దుకాణం ఉండేది. ఆ అన్నదమ్ములు 1847లో వ్యాపారం మొదలుపెట్టారు. నడివీధిలో అందరికీ తెలిసిన చోటు కావడంతో షెఫీల్డ్ యువతీయువకులు తరాల పాటు ఆ మలుపులోనే ఒకరికోసం ఒకరు నిలబడ్డారు. 1963లో దుకాణం బార్కర్స్ పూల్ వైపు మారిపోయింది. 1969లో పాత భవనాన్ని కూల్చేశారు. ఇప్పుడక్కడ వేరే కట్టడం ఉంది, దాని గోడ మీద ఒక ఫలకం ఉంది.

హాలీ పుట్టింది 1967లో. ఈ పాటకూ, అదే పేరున్న ఆల్బమ్‌కూ పేరిచ్చిన చోటు అతనికి ఊహ తెలిసేసరికే నేలమట్టమైంది. అతను పాడుతున్నది పెద్దల మాటల్లోంచి వారసత్వంగా అందిన జ్ఞాపకం. 2005లో ఆల్బమ్ అట్ట కోసం ఫొటో తీయాల్సి వచ్చినప్పుడు ఊళ్లో ఆ మలుపు లేదు. దూరాన సముద్రపు ఒడ్డున ఉన్న స్కార్‌బరోకు వెళ్లి, ఒకప్పుడు సినిమా హాలుగా ఉండి తర్వాత నాటకశాలగా మారిన స్టీఫెన్ జోసెఫ్ థియేటర్ గుమ్మం ముందు కోల్స్ కార్నర్‌ను సృష్టించారు. హాలీ అక్కడ ఎదురుచూస్తున్నవాడిలా నిలబడ్డాడు. సొంత ఊరి మలుపును ఇంకో ఊళ్లో కట్టుకుని దాని ముందు నిలబడటంలో ఆ ఆల్బమ్ ఆత్మ అంతా ఉందనిపిస్తుంది నాకు.

మన అలంకారికులు ఇక్కడ నాకు గొప్ప సాయం చేస్తారు. భరతుడు కరుణానికీ విప్రలంభ శృంగారానికీ మధ్య ఒక గీత గీశాడు. రెండింటిలోనూ కన్నీళ్లే, రెండింటిలోనూ చింత, నిర్వేదం, గ్లాని ఉంటాయి. ఆశ తెగిపోతే కరుణం, మళ్లీ కలుస్తామన్న ఆశ ఏ మూలో మిగిలి ఉంటే విప్రలంభం. ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. కూల్చేసిన భవనం తిరిగి రాదు కనుక ‘కోల్స్ కార్నర్’ కరుణరసమే కావాలి. ఆ మనిషి ఇంట్లో కూర్చుని ఏడిస్తే కరుణమే అయ్యేది. కానీ అతను తయారై బయల్దేరాడు. లేని చోటికి, రాని మనిషి కోసం నడిచాడు. ఆ నడకతో పాట విప్రలంభం వైపు తిరిగింది. ప్రియురాలి పేరు పాటలో లేదు. ఊరే ఇక్కడ నాయిక. ఆ దీపాలు, ఆ జనసందోహం ఉద్దీపన విభావాలు, అంటే భావాన్ని రగిలించేవి. ఆశకు ఆధారం ఒక్క పేరు. భవనం పోయాక కూడా ఊరి నోట్లో బతికి ఉన్న పేరు.

పేర్ల మీద హాలీకి ఉన్న మమకారం అతని ఆల్బమ్‌ల వరస చూస్తే తెలుస్తుంది. 2001లో వచ్చిన ‘లేట్ నైట్ ఫైనల్’ షెఫీల్డ్ వీధుల్లో సాయంత్రం పేపరు అమ్మేవాళ్ల కేక. 2003 నాటి ‘లోఎడ్జెస్’ ఊరి దక్షిణపు అంచున ఉన్న పేట. 2007 నాటి ‘లేడీస్ బ్రిడ్జ్’ డాన్ నది మీది పాత వంతెన. 2009 నాటి ‘ట్రూలవ్స్ గటర్’ ఇప్పుడు వేరే పేరుతో పిలుస్తున్న వీధికి ఒకప్పటి పేరు. 2015 నాటి ‘హాలో మెడోస్’ ఊరి పడమటి కొండబీళ్లు. వరసగా పేర్చుకుంటే అదొక ఊరి పటం. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తూ గిటార్ వాయించిన తండ్రికి పుట్టి, ఉత్తరాన పిట్స్‌మూర్‌లో పెరిగినవాడు ఊరంతా కాలినడకన కొలిచి వేసుకున్న పటం.

గొంతు గురించి చెప్పాలి. హాలీ బారిటోన్ గొంతులో మెరుపు తక్కువ, బరువు ఎక్కువ. గాయకులు రాయ్ ఆర్బిసన్, స్కాట్ వాకర్ దారిలో నడిచిన గొంతే. కానీ ఆర్బిసన్ శిఖరానికి ఎక్కి పాడే చోట హాలీ మెట్టు దిగి మాట్లాడతాడు. పదం చివర గొంతును సాగదీయడు, అక్కడ వదిలేస్తాడు. ఆ ఖాళీని గిటార్ నింపుతుంది. తీగ మీటాక దాని వణుకు చల్లారేదాకా ఆగి, అప్పుడే రెండో తీగ మీటే వాయింపు అది. తొలినాళ్ల రాకెన్‌రోల్‌లో ఆ మోతను లోకానికి చూపిన అమెరికన్ గిటారిస్టు డ్వేన్ ఎడ్డీ తన 2011 ఆల్బమ్ ‘రోడ్ ట్రిప్’ను షెఫీల్డ్ వచ్చి హాలీ చేతుల మీదుగా చేయించుకున్నాడు. గురువు శిష్యుడి ఊరు వెతుక్కుంటూ వచ్చిన ఆ ఘట్టం నాకెంతో ఇష్టం.

‘కోల్స్ కార్నర్’ ఆల్బమ్‌లో పదకొండు పాటలు. ‘ది ఓషన్’ వినండి. మొదట గొంతు, గిటార్ తప్ప దాదాపు ఏమీ ఉండవు. తర్వాత ఒక్కో పొర చేరుతుంది. చివరికి తీగవాద్యాలు, డ్రమ్స్, గిటార్ కలిసి కట్టలు తెంచుకుంటాయి. అంత హోరులోనూ గొంతు అరవదు. ‘హోటల్ రూమ్’ నిదానమైన నాట్యపు నడక. ‘జస్ట్ లైక్ ద రెయిన్’ దౌడు. ‘హూజ్ గొన్నా షూ యువర్ ప్రెటీ లిటిల్ ఫీట్’ తరాల నాటి జానపదం. ఇన్ని నడకలు మారినా స్థాయీభావం కదలదు. సంచారులు ఎన్ని వచ్చిపోయినా స్థాయి నిలబడటమే ప్రబంధానికి ప్రాణమని మన పెద్దలు చెప్పిన మాట నాకు ఈ ఆల్బమ్‌లో వినిపించింది.

ఈ మృదుత్వమే హాలీ అంతా అనుకుంటే 2012 నాటి ‘స్టాండింగ్ ఎట్ ద స్కైస్ ఎడ్జ్’ మన మీద విరుచుకుపడుతుంది. వయొలిన్లు వెనక్కి పోయాయి. ఎలక్ట్రిక్ గిటార్లు మంట, పొగ, ఇనుము కలిసిన మోతతో ముందుకొచ్చాయి. స్కై ఎడ్జ్ అంటే పార్క్ హిల్ పైనున్న కొండ. 1961లో పూర్తయిన పార్క్ హిల్ ఫ్లాట్లలో వీధులనే పై అంతస్తులకు ఎత్తారు. వరండాలు ఎంత వెడల్పంటే పాల బండి ఇంటి గుమ్మం దాకా వచ్చేది. ఆ ఆశ శిథిలం కావడం, 1998లో ఆ కట్టడానికి రక్షిత హోదా రావడం, మళ్లీ బాగుచేయడం ఊరు కళ్లారా చూసింది. 2019లో ఊళ్లోని క్రూసిబుల్ థియేటర్ హాలీ పాటల చుట్టూ అదే పేరుతో సంగీతనాటకం ఆడించింది. రచన క్రిస్ బుష్. ఒకే ఫ్లాటు, మూడు కాలాలు: 1960లలో ఉక్కు కార్మికుడి కాపురం, 1989లో లైబీరియా నుంచి తలదాచుకోవడానికి వచ్చిన కుటుంబం, 2015లో లండన్ విడిచి వచ్చిన స్త్రీ. మూడు కాలాలవాళ్లూ ఒకే గదిలో, ఒకరినొకరు చూడకుండా, ఒకే పాట పాడతారు. 2023లో ఒలివియర్ పురస్కారాల్లో ఉత్తమ నూతన సంగీతనాటకంగా అది గెలిచింది. ఇల్లు అనేది గోడలదా, అందులో ఉండి వెళ్లిన గొంతులదా అన్న ప్రశ్నకు రంగస్థలం మీద ఇంతకన్నా నిండైన జవాబు నేను ఎరుగను.

ఇక ఏల్ అనే బీరు సంగతి. ఇది లేకుండా షెఫీల్డ్ పాట పూర్తికాదు.

హాలీ రికార్డు చేసే ఎల్లో ఆర్చ్ స్టూడియో నీప్‌సెండ్‌లో ఉంది. దాని చుట్టుపక్కల గాలిలో ఒకప్పుడు మాల్ట్ వాసన ఉండేది. ఆ పేటలోనే స్టోన్స్ వారి క్యానన్ బ్రూవరీ. డాన్ లోయ ఉక్కు కొలిమిల ముందు చెమటోడ్చి వచ్చే కార్మికుల దాహం కోసం 1948లో స్టోన్స్ బిట్టర్ అనే ఏల్ అక్కడే పుట్టింది. లేడీస్ బ్రిడ్జ్ పక్కన ఎక్స్ఛేంజ్ బ్రూవరీ ఉండేది. ఎకల్‌సాల్ రోడ్ మీద వార్డ్స్ ఉండేది. ఎక్స్ఛేంజ్ 1993లో, మిగతా రెండూ 1999లో మూతపడ్డాయి. ఉక్కు చేసే చేతులు తగ్గిపోయాయి, ఆ చేతుల దాహం తీర్చిన బట్టీలూ చల్లారాయి.

అవి చల్లారకముందే ఓ చిన్న పని జరిగింది. 1981లో డేవ్ వికెట్ అనే ఆయన కెల్హామ్ ఐలండ్‌లోని ఆల్మా స్ట్రీట్‌లో పాత పబ్ ఒకటి కొని ఫ్యాట్ క్యాట్ అని పేరు పెట్టాడు. 1990లో దాని పెరట్లోనే కెల్హామ్ ఐలండ్ బ్రూవరీ మొదలుపెట్టాడు. అక్కడ తయారైన పేల్ రైడర్ అనే ఏల్ 2004లో బ్రిటన్ అంతటికీ ఛాంపియన్ బీర్ అయింది. ఆ మరుసటి ఏడే ‘కోల్స్ కార్నర్’ వచ్చింది. ఒకే లోయ, నడిచి వెళ్లగలిగే దూరం, ఒకే ఊపిరి.

పేల్ రైడర్ లాంటి కాస్క్ ఏల్ ఎలా తయారవుతుందో తెలిస్తే దాని రుచి మరింత తెలుస్తుంది. బార్లీని మొలకెత్తించి ఎండబెట్టిన మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టి తీపి తీస్తారు. హాప్స్ పువ్వులు వేసి మరిగిస్తారు. చేదు, పరిమళం వాటివే. ఈస్ట్ వేసి పులియబెడతారు. ఇంతవరకూ అన్ని బీర్లదీ దాదాపు ఒకటే దారి. ఇక్కడ దారి చీలుతుంది. కాస్క్ ఏల్‌ను వడగట్టరు, వేడిచేసి ఈస్ట్‌ను చంపరు. ప్రాణంతోనే పీపాలోకి పోస్తారు. పబ్ నేలమాళిగలో 11 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో అది మెల్లగా పులుస్తూ పక్వానికొస్తుంది. బయటి గ్యాస్ నొక్కుడు లేకుండా హ్యాండ్ పంపుతో పైకి లాగుతారు. పీపా తెరిచాక మూడు రోజుల్లోపు తాగేయాలి, తర్వాత రుచి వాలుతుంది. అందుకే దూరాలకు వెళ్లే కొద్దీ ఇలాంటి ఏల్ తన స్వభావం కోల్పోతుంది. తన ఊళ్లో, తనను ఎరిగినవాడు పంపు లాగితేనే అది తానుగా ఉంటుంది. ఉత్తర ఇంగ్లండ్‌లో పంపు మూతికి చిల్లుల బిళ్ల బిగించి లాగుతారు. దాంతో గ్లాసు మీద చిక్కని మీగడ నురగ నిలుస్తుంది.

పేల్ రైడర్ లేత బంగారు రంగు. మొదటి గుక్కలో అమెరికన్ హాప్స్ పూలవాసన. తర్వాత పండ్ల తీపి. మింగాక నాలుక వెనక నెమ్మదైన చేదు. ఆ చేదు లేకపోతే రెండో గుక్క కావాలనిపించదు. తీపి మీద చేదు నిలిచి రెండూ ఒకదానికొకటి వెలుగివ్వడం హాలీ పాటలోనూ వినిపిస్తుంది. వయొలిన్లు తీపి, గొంతు చేదు. భరతుడు రసాన్ని వివరించడానికి పక్వాన్నాన్నే పోలికగా తెచ్చుకున్నాడు. రకరకాల వ్యంజనాలు కలిసిన భోజనాన్ని మంచి మనసుతో తినేవాడు ఎలా ఆస్వాదిస్తాడో ప్రేక్షకుడు భావాలను అలా ఆస్వాదిస్తాడన్నాడు. ఆ పోలికలో నాకు ముఖ్యంగా తోచేది మంచి మనసున్న తినేవాడు. వంట ఎంత గొప్పదైనా అతను లేనిదే రసం లేదు.

షెఫీల్డ్‌లో ఆ పాత్ర స్నేహితులది. వదిలి వెళ్లిన ఊరికి ఒంటరిగా తిరిగొచ్చినవాడికి మారిపోయినవే కనిపిస్తాయి. దుకాణం మారింది, బస్సు నంబరు మారింది, మనం ఉన్న ఇంట్లో ఇంకెవరో ఉన్నారు. స్నేహితులతో వచ్చినప్పుడు పోయినవాటి గురించి మాట మొదలవుతుంది, మాటతో అవి మళ్లీ లేచి నిలబడతాయి. ఫ్యాట్ క్యాట్‌లో మేము కూర్చున్న సాయంత్రాల్లో జరిగేది ఇదే. మాలో కొందరు గుంటూరు, వరంగల్ నుంచి చదువుకు వచ్చి కలిసినవాళ్లు. ఒకతను ఆ ఊళ్లోనే పుట్టి పెరిగి, ఉద్యోగం కోసం దక్షిణానికి వెళ్లి, వీలైనప్పుడల్లా వచ్చిపోయేవాడు. “ఈ రౌండు నాది మావా, కూర్చో” అని ఒకడు లేస్తాడు. ఇంగ్లండ్ పబ్బుల్లో అదొక మర్యాద. ఎవరి గ్లాసు వాళ్లు కొనుక్కోరు. ఒకడు అందరికీ తెస్తాడు, తర్వాత ఇంకొకడి వంతు. ఆ వంతుల వరసే సాయంత్రాన్ని నిలబెడుతుంది, ఎవరూ మధ్యలో లేచి వెళ్లిపోకుండా కట్టి ఉంచుతుంది. స్థానికుడైన మిత్రుడు వాళ్ల అమ్మమ్మ, తాతయ్య మొదట కలిసింది కోల్స్ కార్నర్‌లోనే అని చెప్పాడు. ఆ మాటతో పాటలో ఖాళీగా ఉన్న మలుపులో నాకు ఇద్దరు మనుషులు కనిపించారు.

స్నేహానికి ఈ ఊరి రాక్ సంగీతంలో ఉన్న చోటు చూస్తే ఇది యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. హాలీ లాంగ్‌పిగ్స్ బృందంలో వాయించాడు. తర్వాత జార్విస్ కాకర్ నడిపిన పల్ప్ బృందంతో గిటారిస్టుగా ఊళ్లు తిరిగాడు. తన పేరున పాడటం ముప్పై దాటాకే మొదలైంది. 2006 మెర్క్యురీ సంగీత పురస్కారానికి ‘కోల్స్ కార్నర్’ పోటీలో నిలిచింది. గెలిచింది ఆర్కిటిక్ మంకీస్ బృందం. వాళ్లదీ షెఫీల్డే. 2003లో ట్రిపెట్ లేన్‌లోని గ్రేప్స్ పబ్ మేడ మీద తొలి ప్రదర్శన ఇచ్చిన కుర్రాళ్లు వాళ్లు. పురస్కారం అందుకోవడానికి వేదిక ఎక్కిన అలెక్స్ టర్నర్ ముందుగా అన్నది రిచర్డ్ హాలీని దోచేశారు, పోలీసులకు ఫోన్ చేయండి అని. గెలిచిన క్షణంలో ఊరివాడి పేరే నోటికి వచ్చింది. దేశమంతా చూస్తుండగా చేసిన ఆ చిన్న పని కూడా ఒకరి రౌండు ఒకరు కొనే మర్యాదలోంచి వచ్చిందేనని నేను నమ్ముతాను.

2022లో కెల్హామ్ ఐలండ్ బ్రూవరీ మూతపడుతుందన్న వార్త వచ్చినప్పుడు పేల్ రైడర్ కూడా స్టోన్స్ దారి పట్టిందనుకున్నాం. పొరుగున బేక్‌వెల్‌లో ఉన్న థార్న్‌బ్రిడ్జ్ బ్రూవరీ ముందుకొచ్చింది. 2005లో ఆ బ్రూవరీ మొదలైనప్పుడు దారి చూపినవాళ్లలో వికెట్ ఒకరు. ఆయన 2012లో కన్నుమూశారు. ఆయన ఏల్‌ను ఆయన చేయి అందుకున్నవాళ్లే ఇప్పుడు తయారుచేస్తున్నారు. భవనం పోతే పేరును పాట నిలబెట్టింది. బట్టీ ఆగితే పేరును మిత్రులు నిలబెట్టారు. రెండూ ఒకే పని.

‘కోల్స్ కార్నర్’ చివరి పాటలో మాటలే లేవు. పేరు ‘లాస్ట్ ఆర్డర్స్’. పబ్ మూసే ముందు గంట కొట్టి, కావలసినవాళ్లు ఆఖరి గ్లాసు చెప్పుకోమని పిలిచే పిలుపు అది. దూరంగా వాయిస్తున్నట్టు ఒక పియానో, అంతే. ఆల్బమ్ ఒంటరి మనిషితో మొదలై ఇక్కడికి చేరడంలో హాలీ శిల్పం ఉంది. కోల్స్ కార్నర్‌లో ఎవరూ దొరకని మనిషిని పది పాటల పాటు నడిపించి, పదకొండో పాటలో పబ్‌లోకి తెచ్చాడు. పబ్‌లో మనుషులు ఉంటారు. అక్కడ ఏం జరుగుతుందో చెప్పకుండా మాట ఆపి, సంగీతాన్ని మన చేతికి ఇచ్చాడు. మిగిలిన సన్నివేశం విన్నవాళ్లు పూరించాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పగలను. ముంగండలో పుట్టిన తెలుగువాడు జగన్నాథ పండితరాయలు ‘రసగంగాధరం’లో రసాన్ని ఆవరణ తొలగిన చైతన్యంగా చెప్పాడు. మన మీద కప్పుకున్న అజ్ఞానపు తెర తొలగిన క్షణంలో మిగిలే వెలుగు. హాలీ పాటలో ఆ తెర తొలగించేది ఊరి పేరు. నాది, నీది అన్న హద్దులు చెరిగి భావం అందరిదీ కావడాన్ని సాధారణీకరణం అన్నారు భట్టనాయకుడి దారివాళ్లు. అందుకోసం కవి స్థానిక వివరాలు చెరిపేసి ‘ఒక ఊరు, ఒక వీధి’ అని రాయాలని కొందరు పొరబడతారు. హాలీ సరిగ్గా తిరగేసి చేశాడు. ఫలానా వీధి, ఫలానా మలుపు అని ఎంత గట్టిగా పేరు పెట్టి పిలిచాడో, షెఫీల్డ్ చూడనివాడికి కూడా తన ఊరు అంత గట్టిగా గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో లిబర్టీ టాకీస్ పోయి ఎన్నేళ్లయినా ఆటోవాడికి ‘లిబర్టీ’ అంటే చాలు. ఆ చౌరస్తాలో ఎదురుచూసినవాళ్లకు ‘కోల్స్ కార్నర్’ అనువాదం అక్కర్లేకుండా అర్థమవుతుంది.

విప్రలంభం శృంగారానికి ముగింపు కాదు. అది సంభోగానికి, అంటే కలయికకు దారి. ఊరిని ప్రేమించినవాడికి ఆ కలయిక తిరిగి రావడంలో దొరుకుతుంది. అందుకు ఊరు మారకుండా ఉండనక్కర్లేదు. ఆ ఊరి పేర్లు తెలిసిన పాట ఒకటి, ఆ చోటే పక్వమైన రుచి ఒకటి, మనతోపాటు వాటిని తలచుకునే నలుగురు ఉంటే చాలు. షెఫీల్డ్ అదృష్టం ఆ మూడూ ఒకే లోయలో కలిగి ఉండటం. లిబర్టీ చౌరస్తా మీద, మన ఊళ్లలో పేరు మాత్రం మిగిలిన ప్రతి కూడలి మీద ఇంతటి పాటలు కట్టే గొంతు మన కుర్రాళ్ల రాక్ బృందాల్లోంచి రావాలని నా గాఢమైన కోరిక. వాళ్లు ముందు తమ ఊరంతా కాళ్లతో తిరగాలి, పెద్దల నోట పాత పేర్లు వినాలి, ఆ పేర్లతోనే పాడాలి. అలాంటి పాట ఒక్కటి ఉన్నా, వెళ్లిపోయినవాళ్లందరికీ తిరిగి వచ్చి కలుసుకునే చోటు ఉన్నట్టే.